ఆఫీసు మెయిల్ సొంత సర్వర్‌కు మార్చాలా? విశాఖలో నలభై మంది ఉన్న కంపెనీకి నా సలహా

మీ ప్రశ్న చదివాను. మిగతావాళ్ల కోసం అందులోని సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. విశాఖ పోర్టు పనుల మీద నడిచే కస్టమ్స్ క్లియరింగ్, ఫార్వర్డింగ్ ఆఫీసు మీది. దొండపర్తిలో మెయిన్ ఆఫీసు, గాజువాకలో చిన్న బ్రాంచి, అంతా కలిపి నలభై మంది. మెయిల్, క్యాలెండర్ కోసం ఒక పెద్ద కంపెనీకి మనిషికి ఇంత అని నెలనెలా కడుతున్నారు. ఇప్పుడు రెన్యూవల్ దగ్గరపడింది, రేటు పెరిగింది. ఆఫీసులో ఖాళీగా పడి ఉన్న సర్వర్ మీద ఓపెన్ సోర్స్ మెయిల్ పెట్టేస్తే సరిపోతుంది కదా అని మీ ఎండీ గారు అంటున్నారు. నిజంగా సరిపోతుందా, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది, ఎక్కడ దెబ్బ తింటాం అని మీరు అడిగారు.

పెట్టుకోవచ్చండీ. కాకపోతే ఎండీ గారు అనుకుంటున్న పద్ధతిలో వద్దు. ఈ ఊళ్లో చిన్నా పెద్దా ఆఫీసులకు మెయిల్ సర్వర్లు పెట్టి, వాటిని చూసుకోవడమే చాలా ఏళ్లుగా నా పని. నా సలహా ఇది: మెయిళ్లు అందుకోవడం, దాచుకోవడం మీ చేతిలో ఉంచుకోండి. బయటకు పంపే పని మాత్రం మీ తరఫున మెయిళ్లు చేరవేసే ఒక రిలే సర్వీసుకు ఇవ్వండి. సర్వర్‌ను ఆఫీసులో కాకుండా డేటా సెంటర్‌లో అద్దెకు తీసుకోండి. క్యాలెండర్, ఫైళ్ల షేరింగ్ లాంటివి మెయిల్ కుదురుకున్నాక చూసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు డొమైన్, అంటే మెయిల్ అడ్రసులో @ తర్వాత వచ్చే పేరు, దాని సంగతి తేల్చండి. అది ఎవరి పేరున రిజిస్టర్ అయి ఉందో ఈరోజే చూడండి. మన దగ్గర చాలా కంపెనీలకు వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడే డొమైన్ కూడా కొని ఉంటాడు, అదీ తన సొంత అకౌంట్‌లో. తర్వాత అతను ఉద్యోగం వచ్చి హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్లిపోతాడు. రెన్యూవల్ నోటీసులు అతను ఎప్పుడో వాడటం మానేసిన మెయిల్‌కు పోతుంటాయి. ఒకరోజు డొమైన్ ఎక్స్‌పైర్ అయి మొత్తం కంపెనీ మెయిల్ ఆగిపోతుంది. డొమైన్ కంపెనీ పేరున, కంపెనీ కార్డుతో, కనీసం ఇద్దరికి తెలిసిన అకౌంట్‌లో ఉండాలి. రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మే కంపెనీ) దగ్గర ఇచ్చే కాంటాక్ట్ మెయిల్ మాత్రం అదే డొమైన్‌ది కాకూడదు, ఎందుకంటే మెయిల్ ఆగినప్పుడు పాస్‌వర్డ్ రీసెట్ లింకు కూడా ఆగిపోయిన చోటికే వస్తుంది. డొమైన్ మీ చేతిలో ఉంటే, నంబర్ మారకుండా సిమ్ కంపెనీ మార్చుకున్నట్టు, మెయిల్‌ను ఎప్పుడు ఎక్కడికైనా మార్చుకోవచ్చు. సొంత సర్వర్ పెట్టినా పెట్టకపోయినా ఈ పని మాత్రం చేయండి.

ఇక సర్వర్ ఎక్కడ ఉండాలన్నది. ఆఫీసులో వద్దనడానికి మొదటి కారణం ఇంటర్నెట్ కనెక్షన్. మామూలు బ్రాడ్‌బ్యాండ్‌లో మీకు స్థిరమైన ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌ను గుర్తించే నంబరు) ఉండదు. చాలా కంపెనీలు ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమంది కస్టమర్లకు పంచుతాయి, అలాంటి చోట బయటి నుంచి మీ సర్వర్‌కు దారే ఉండదు. స్టాటిక్ ఐపీ కొన్నా, ఆ ఐపీకి మీ మెయిల్ సర్వర్ పేరుతో పీటీఆర్ రికార్డు, అంటే ఆ ఐపీ ఎవరిదో పేరు చెప్పే ఎంట్రీ, పెట్టించుకోవాలి. ఆ పని ప్రొవైడరే చేయాలి, కస్టమర్ కేర్‌లో ఫోన్ ఎత్తేవాళ్లకు అదేమిటో అర్థమయ్యేలా చెప్పడమే ఒక టెన్షన్. పైగా బ్రాడ్‌బ్యాండ్ ఐపీల నుంచి నేరుగా మెయిల్ రాకూడదని స్పామ్‌హౌస్ లాంటి సంస్థలు ఆ ఐపీల జాబితాలే నడుపుతాయి. వాటిలో ఉన్న ఐపీ నుంచి పంపిన మెయిల్‌ను అవతలి సర్వర్లు చాలావరకు తలుపు దగ్గరే తిప్పి పంపేస్తాయి.

రెండో కారణం మన ఊరే. సముద్రానికి ఇంత దగ్గరగా ఉన్నచోట గాలిలో తేమ, ఉప్పు కలిసి మదర్‌బోర్డుల కాంటాక్టులను, పవర్ సప్లైలను మెల్లగా తినేస్తాయి. ఏసీ రాత్రుళ్లు ఆపేసే ఆఫీసుల్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు మిగతాది నేను చెప్పక్కర్లేదు. కరెంటు రోజుల తరబడి లేదు, సెల్ టవర్లు పడిపోయాయి, జనరేటర్లకు డీజిల్ కోసం క్యూలు కట్టాం. ఆఫీసు సర్వర్ గదిలో మెయిల్ పెట్టుకున్నవాళ్లు, ఓడ ఎప్పుడొస్తుందో, సరుకు పరిస్థితి ఏమిటో విదేశాల్లో ఉన్న పార్టీలకు చెప్పుకోలేకపోయారు. సరిగ్గా మెయిల్ అన్నిటికంటే ఎక్కువ అవసరమైన వారం అది. సర్వర్ ముంబయిలోనో హైదరాబాద్‌లోనో డేటా సెంటర్‌లో ఉంటే, మీ స్టాఫ్‌లో ఒక్కరు సిగ్నల్ ఉన్న ఊరికి చేరుకున్నా పని నడుస్తుంది.

ఇక్కడే ధైర్యం ఇచ్చే సంగతి ఒకటి ఉంది. మీ సర్వర్ ఒక పూట ఆగిపోతే మెయిళ్లు మాయమైపోవు. మెయిల్ పంపే పద్ధతిని నిర్వచించిన ప్రమాణమే, అవతలి సర్వర్ దొరక్కపోతే నాలుగైదు రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నించమని చెబుతుంది. పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో డిఫాల్ట్‌గా ఆ గడువు అయిదు రోజులు. అంటే శనివారం రాత్రి సర్వర్ పడిపోయి మీరు సోమవారం లేపినా, ఆ మధ్య వచ్చిన మెయిళ్లు చాలావరకు పంపినవాళ్ల క్యూలో కూర్చుని ఉండి తర్వాత వచ్చేస్తాయి. కాబట్టి పాత పుస్తకాల్లో చెప్పినట్టు బ్యాకప్ ఎంఎక్స్ అని, మొదటిది ఆగినప్పుడు మెయిళ్లు అందుకునే రెండో సర్వర్ పెట్టక్కర్లేదు. దాని రక్షణ మొదటిదానంత గట్టిగా ఉండదని తెలిసి స్పామర్లు కావాలని దాని మీదకే వస్తారు.

ఎండీ గారి దగ్గరున్న ఆ ఖాళీ సర్వర్‌ను మాత్రం పారేయకండి. దానికి చాలా మంచి పని ఉంది, కింద చెబుతాను.

సాఫ్ట్‌వేర్ విషయంలో పెద్దగా తర్జనభర్జన పడక్కర్లేదు. ఓపెన్ సోర్స్ మెయిల్ ప్యాకేజీల్లో చాలావాటి లోపల ఉండేది ఒకే జోడీ. మెయిల్‌ను అందుకుని పంపేది పోస్ట్‌ఫిక్స్, డబ్బాల్లో దాచి మీ ఫోనుకూ కంప్యూటర్‌కూ ఐమ్యాప్ అనే పద్ధతి ద్వారా చూపించేది డవ్‌కాట్. పోస్ట్‌ఫిక్స్‌ను వీట్సే వెనెమా ఐబీఎంలో ఉండగా రాశాడు, 1998లో బయటకు వచ్చింది. డవ్‌కాట్‌ను 2002లో టిమో సిరైనెన్ మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్లకు పైగా ప్రపంచంలోని ఎన్నో సర్వర్లలో నలిగిన సాఫ్ట్‌వేర్ అది. వాటిని ఒక్కొక్కటిగా చేత్తో కలిపి కట్టుకోవడం నేర్చుకునేవాళ్లకు మంచిదే. నలభై మంది ఆధారపడే ఆఫీసుకు మాత్రం అన్నీ కలిపి ఇచ్చే ప్యాకేజీ తీసుకోండి.

మీకు నేను చెప్పేది మెయిల్‌కౌ. ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లో నడిపే డాకర్ మీద నడుస్తుంది, అందులో పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్, స్పామ్ పట్టే ఆర్‌స్పామ్‌డీ, వైరస్‌లు చూసే క్లామ్ఏవీ, వెబ్‌లో మెయిల్, క్యాలెండర్, కాంటాక్ట్స్ ఇచ్చే సోగో అన్నీ ఉంటాయి. కనీసం 6 జీబీ ర్యామ్ కావాలని వాళ్లే చెబుతారు. మీకైతే 8 జీబీ, నాలుగు కోర్లు ఉన్న వర్చువల్ సర్వర్ హాయిగా సరిపోతుంది. డిస్కు ఎంత కావాలో ఊహించొద్దు. ఇప్పుడున్న సర్వీసులో అందరి మెయిల్‌బాక్సులు కలిపి ఎంత ఉన్నాయో అడ్మిన్ పేజీలో చూసి దానికి రెట్టింపు తీసుకోండి. డాకర్ అంటే ఇష్టం లేనివాళ్లకు ఐరెడ్‌మెయిల్ ఉంది. మెయిల్ ఇన్ ఎ బాక్స్ తేలిక, కానీ అది ఒకరిద్దరికీ చిన్న బృందానికీ సరిపడేది, దాని పద్ధతి దాటి మీరు ఏమీ మార్చుకోలేరు. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన స్టాల్‌వర్ట్ చూడముచ్చటగా ఉంది, నాకు నచ్చింది. అయినా ఆఫీసు మెయిల్‌కు ఇంకా కొన్నాళ్లు ఆగమంటాను.

జింబ్రా అనే మెయిల్ ప్యాకేజీ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్లో ఎవరినడిగినా మొదట చెప్పే పేరు అదే. ఒకప్పుడు ఆ మాట సరైనదే. కానీ తొమ్మిదో వెర్షన్ నుంచి వాళ్లు ఓపెన్ సోర్స్ ఎడిషన్‌కు తయారుగా ఉన్న ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేశారు, సోర్స్ నుంచి మీరే బిల్డ్ చేసుకోవాలి లేదా వేరేవాళ్లు చేసిన బిల్డ్‌ను నమ్మాలి. దాంతో ఎన్నో ఆఫీసులు పాత 8.8.15 మీదే ఉండిపోయాయి. 2023 చివరితో దాని సపోర్టు అయిపోయింది. 2022లో జింబ్రాలో దొరికిన భద్రతా రంధ్రాలతో దొంగలు ఎన్నో సర్వర్లలో దూరారు. ఎవరైనా మీకు చవగ్గా 8.8.15 పెట్టిస్తానంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు అసలు కష్టం ఉన్న చోటికి వద్దాం, బయటకు పంపడం. మెయిల్ అందుకోవడం తేలిక, దాచుకోవడం తేలిక. మీరు పంపినది జీమెయిల్‌లోనూ అవుట్‌లుక్‌లోనూ ఇన్‌బాక్స్‌లో పడేలా చూడటమే రోజూ చేయాల్సిన పని. అవతలివాళ్లు మీ ఐపీ అడ్రసు చరిత్ర చూస్తారు. కొత్త ఐపీకి చరిత్ర ఉండదు, అందుకని అనుమానిస్తారు. అద్దె సర్వర్ ఐపీకి పాత అద్దెదారు చేసిన స్పామ్ చరిత్ర ఉండొచ్చు, అప్పుడు ఇంకా ఎక్కువ అనుమానిస్తారు. పక్క ఐపీల్లో ఎవరో స్పామ్ చేసినా మొత్తం వరసను ఆపేసే సందర్భాలున్నాయి. గూగుల్ క్లౌడ్‌లో అయితే సర్వర్లు ఒకదానికొకటి మెయిల్ పంపే దారి, పోర్ట్ 25, బయటకు మూసే ఉంటుంది, అమెజాన్‌లో అర్జీ పెట్టుకుంటేనే తెరుస్తారు.

అన్నీ సక్రమంగా చేసి నెలల తరబడి ఓపిక పడితే సొంత ఐపీ నుంచి పంపడం సాధ్యమే. నేను కొన్నిచోట్ల చేస్తున్నాను కూడా. కానీ ఓడ బెర్త్ మీద ఉండగా, డెలివరీ ఆర్డర్ కోసం షిప్పింగ్ లైన్‌కు పంపిన మెయిల్ వాళ్ల స్పామ్ ఫోల్డర్‌లో పడితే డెమరేజ్ (సరుకు ఆలస్యానికి కట్టే రుసుము) మీ క్లయింటు మీద పడుతుంది. ఆ రిస్కు మీరు తీసుకోవడంలో అర్థం లేదు. అందుకే బయటకు వెళ్లే మెయిల్‌ను పోర్ట్ 587 మీద ఒక రిలే సర్వీసు ద్వారా పంపండి. ఉదాహరణకు అమెజాన్ ఎస్ఈఎస్ వెయ్యి మెయిళ్లకు 10 సెంట్లు తీసుకుంటుంది, అటాచ్‌మెంట్లకు కొంచెం అదనం. మీ ఆఫీసు మొత్తానికి నెల ఖర్చు లెక్కలోకి రానంత తక్కువ. ఓపెన్ సోర్స్ అభిమానులు కొందరు ఇది రాజీ అంటారు. నాకు అలా అనిపించదు. మీ డేటా, మీ మెయిల్‌బాక్సులు, మీ డొమైన్ మీ దగ్గరే ఉన్నాయి. రిలే నచ్చకపోతే పది నిమిషాల్లో ఇంకొకటి పెట్టుకోవచ్చు.

రిలే వాడినా మూడు డీఎన్ఎస్ రికార్డులు మీరే పెట్టాలి (డీఎన్ఎస్ అంటే మీ డొమైన్ వివరాలు అందరికీ చెప్పే ఇంటర్నెట్ చిట్టా). మీ డొమైన్ పేరు మీద ఏయే సర్వర్లు పంపొచ్చో చెప్పేది ఎస్‌పీఎఫ్. మెయిల్ మీద సంతకం లాంటిది పెట్టి, దారిలో ఎవరూ మార్చలేదని చూపించేది డీకిమ్. ఈ రెండూ మెయిల్‌లో కనిపించే పంపినవారి డొమైన్‌తో కలవకపోతే ఏం చేయాలో అవతలివాళ్లకు చెప్పేది డీమార్క్. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వీటిని గట్టిగా అడుగుతున్నాయి. జీమెయిల్‌కు రోజుకు 5,000 పైన పంపేవాళ్లకు మూడూ తప్పనిసరి. మీరు అంత పంపరు, అయినా ఎవరైనా సరే ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి లేకపోతే కష్టమే. మీరు మూడూ పెట్టండి. ఎస్‌పీఎఫ్‌లో డీఎన్ఎస్ వెతుకులాటలు పది దాటితే రికార్డే చెల్లదని గుర్తుంచుకోండి, కనిపించిన ప్రతి సర్వీసునూ అందులో చేర్చుకుంటూ పోతే అక్కడికి తొందరగానే వస్తారు.

డీమార్క్‌ను మొదట గమనించే స్థాయిలో పెట్టి, వచ్చే రిపోర్టులు చూడండి. మీ డొమైన్ పేరున మెయిల్ పంపుతున్నవి మీరు అనుకున్నదానికంటే ఎక్కువ ఉంటాయి. ట్యాలీ నుంచి వెళ్లే ఇన్‌వాయిస్‌లు, జీతాల సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్‌లోని ఎంక్వయిరీ ఫారం, స్కాన్ చేసి మెయిల్ పంపే ప్రింటర్. ఆ ప్రింటర్ పాతదైతే కొత్త టీఎల్ఎస్ (కనెక్షన్‌ను గుట్టుగా ఉంచే పద్ధతి) రాదు, దాని కోసం మొత్తం సర్వర్ భద్రత తగ్గించకండి. స్కాన్‌లను ఆఫీసులోని ఒక షేర్డ్ ఫోల్డర్‌లోకి పంపేలా మార్చండి. అన్నీ దారికొచ్చాక డీమార్క్‌ను తిరస్కరించే స్థాయికి తీసుకెళ్లండి.

ఇది మీ వ్యాపారంలో ఎందుకంత ముఖ్యమో మీకు తెలిసే ఉంటుంది. రొయ్యల ఎక్స్‌పోర్టర్ల దగ్గరా ఫార్వర్డర్ల దగ్గరా జరిగే పెద్ద మోసం, మధ్యలో దూరి బ్యాంకు అకౌంటు నంబరు మార్చిన ఇన్‌వాయిస్ పంపడం. డీమార్క్ గట్టిగా ఉంటే అచ్చంగా మీ డొమైన్ పేరుతో వాళ్లు పంపలేరు. కానీ ఒక అక్షరం తేడాతో ఇంకో డొమైన్ కొని పంపితే డీమార్క్ ఏమీ చేయలేదు. అసలు ఎక్కువగా జరిగేది మీ స్టాఫ్‌లో ఒకరి పాస్‌వర్డ్ దొంగిలించి, వాళ్ల మెయిల్‌బాక్స్‌లో అన్నీ బయటికి ఫార్వర్డ్ అయ్యే రూల్ పెట్టి, నెలలపాటు నిశ్శబ్దంగా చదవడం. అందుకని మూడు పనులు చేయండి. బయటి అడ్రసులకు ఆటోమేటిక్ ఫార్వర్డింగ్ సర్వర్‌లోనే ఆపేయండి. వెబ్ లాగిన్‌కు రెండో అంచె ఓటీపీ పెట్టండి. ఫోన్లలో, అవుట్‌లుక్‌లో మామూలు పాస్‌వర్డ్ కాకుండా ఒక్కో పరికరానికి ఒక్కో యాప్ పాస్‌వర్డ్ ఇవ్వండి, ఫోన్ పోతే అదొక్కటే తీసేయొచ్చు. ఐమ్యాప్‌కు రెండో అంచె ఉండదు కాబట్టి సొంత సర్వర్లలో దొంగలు ముందు తట్టే తలుపు అదే.

స్పామ్ గురించి రెండు చిన్న విషయాలు, ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి. స్పామ్‌హౌస్ జాబితాలను గూగుల్ 8.8.8.8 లాంటి పబ్లిక్ డీఎన్ఎస్ ద్వారా అడిగితే సరైన జవాబు రాదు. సర్వర్‌లో సొంత రిజాల్వర్, అంటే డీఎన్ఎస్ జవాబులు తానే వెతికి తెచ్చే ప్రోగ్రాం, ఉండాలి. మెయిల్‌కౌలో ఆ పని చేసే అన్‌బౌండ్ ఉంటుంది, దాన్ని తీసేసి వేరే డీఎన్ఎస్ పెట్టకండి. రెండోది గ్రేలిస్టింగ్. అనుమానం ఉన్న మెయిల్‌ను కాసేపాగి మళ్లీ పంపమనే పద్ధతి అది, స్పామ్‌కు బాగా పనిచేస్తుంది. కానీ బ్యాంకు ఓటీపీ, కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ పోర్టల్ ఓటీపీ దానికి చిక్కితే అది వచ్చేసరికి గడువు అయిపోతుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు పత్రం) ఫైల్ చేస్తున్న కుర్రాడు పది నిమిషాలు స్క్రీన్ చూస్తూ కూర్చుని మెయిల్ సర్వర్‌ను తిడతాడు. మీ ఆఫీసులో గ్రేలిస్టింగ్ ఆపేయండి, మిగతా ఫిల్టర్లు చాలు.

గ్రూప్‌వేర్, అంటే జట్టుగా పనిచేసుకునే సాఫ్ట్‌వేర్, అనగానే క్యాలెండర్, వీడియో కాల్స్, చాటింగ్, డాక్యుమెంట్లు అన్నీ ఒకేసారి పెట్టేయాలని ఉత్సాహం వస్తుంది. ఆగండి. మీలాంటి ఆఫీసులో నిజంగా జట్టుగా పని చేయించేది షేర్డ్ మెయిల్‌బాక్స్. ఇంపోర్ట్స్‌కు ఒకటి, ఎక్స్‌పోర్ట్స్‌కు ఒకటి, అకౌంట్స్‌కు ఒకటి. ఇప్పుడు చాలా ఆఫీసుల్లో వీటికి ఒకే పాస్‌వర్డ్ ఉంటుంది, నలుగురైదుగురికి తెలుసు, ఎవరు ఏం జవాబిచ్చారో ఎవరికీ తెలీదు. ఒకరు ఉద్యోగం మానేసి పక్క కంపెనీలో చేరినా ఆ పాస్‌వర్డ్ మారదు. డవ్‌కాట్‌లోనూ సోగోలోనూ మెయిల్‌బాక్స్‌ను పాస్‌వర్డ్ చెప్పకుండానే ఇంకొకరికి చూపించే అనుమతులు ఉన్నాయి. ఎవరు చదవొచ్చు, ఎవరు ఆ పేరున పంపొచ్చు అని విడివిడిగా పెట్టొచ్చు. ఒకరు జవాబిస్తే ఆ గుర్తు మిగతావాళ్లకూ కనిపిస్తుంది. గాజువాక బ్రాంచిలో కంటైనర్ స్టేషన్ పనులు చూసేవాళ్లూ దొండపర్తిలో డాక్యుమెంట్లు చేసేవాళ్లూ ఒకే డబ్బాలో చూస్తే ఫోన్లు సగం తగ్గుతాయి. ముందు దీని మీద మనసు పెట్టండి. ఎవరెవరికి ఏ డబ్బా అన్నది కాగితం మీద రాసుకుని ఎండీ గారితో సంతకం పెట్టించండి, తర్వాత గొడవలుండవు.

క్యాలెండర్, కాంటాక్ట్స్‌కు సోగో చాలు. ఐఫోన్‌లో క్యాలెండర్‌ను సర్వర్‌తో కలిపే క్యాల్‌డావ్ పద్ధతి మామూలుగానే కుదురుతుంది. ఆండ్రాయిడ్‌లో ఆ సదుపాయం లేదు, డావ్‌ఎక్స్5 అనే యాప్ పెట్టుకోవాలి. లేదంటే సోగోలోని యాక్టివ్‌సింక్ ద్వారా మెయిల్, క్యాలెండర్ రెండూ వస్తాయి. ఫైళ్లు, ఒకే డాక్యుమెంట్‌ను కలిసి ఎడిట్ చేయడం కావాలంటే నెక్స్ట్‌క్లౌడ్ మంచిది. 2016లో ఓన్‌క్లౌడ్ నుంచి విడిపోయి వచ్చినది. దాన్ని మాత్రం మెయిల్ ఉన్న సర్వర్‌లోనే పెట్టొద్దు. రెండిటి అప్‌డేట్లూ ఒకదానికొకటి అడ్డం రాకూడదు.

పాత మెయిళ్లు తెచ్చుకోవడానికి ఐమ్యాప్‌సింక్ అనే టూల్ ఉంది. ఎన్నిసార్లు నడిపినా కొత్తగా వచ్చినవి మాత్రమే తెస్తుంది కాబట్టి మార్పుకు రెండు వారాల ముందే మొదలుపెట్టి వెనక నడుస్తూ ఉండనివ్వొచ్చు. పాతది జీమెయిల్ తరహా సర్వీసు అయితే ఒక మెయిల్‌కు మూడు లేబుళ్లుంటే అది మూడు ఫోల్డర్లలో మూడు కాపీలుగా దిగుతుంది, ఆల్ మెయిల్ ఫోల్డర్‌లో ఇంకోటి. దానికి తగ్గ ఆప్షన్లు టూల్‌లో ఉన్నాయి, చదవకుండా నడిపితే డిస్కు నిండిపోతుంది. ఎంఎక్స్ రికార్డు (మీ మెయిల్ ఏ సర్వర్‌కు రావాలో చెప్పే డీఎన్ఎస్ రికార్డు) మార్చడానికి రెండు రోజుల ముందు దాని టీటీఎల్‌ను, అంటే మిగతావాళ్లు పాత జవాబును గుర్తుంచుకునే సమయాన్ని, అయిదు నిమిషాలకు తగ్గించండి. శుక్రవారం సాయంత్రం మార్చి, శనివారం అంతా ఐమ్యాప్‌సింక్ మళ్లీ నడపండి. పాత చందాను కనీసం ఒక నెల అలాగే ఉంచండి. ఆ ఒక్క నెల డబ్బు మిగుల్చుకుందామని చూడొద్దు.

సైజు విషయం కూడా చూసుకోండి. పోస్ట్‌ఫిక్స్‌ను విడిగా పెట్టుకుంటే డిఫాల్ట్‌గా ఒక మెయిల్ పరిమితి 10 ఎంబీ దగ్గరే ఉంటుంది. అటాచ్‌మెంట్ మెయిల్‌లో వెళ్లేటప్పుడు మూడో వంతు పెరుగుతుంది కూడా. అందుకే 25 ఎంబీ పరిమితి ఉన్న చోటికి 20 ఎంబీ స్కాన్ కూడా వెళ్లదు. స్టాఫ్‌కు ఈ లెక్క ఒకసారి చెబితే చాలా ఫిర్యాదులు పుట్టవు.

బ్యాకప్. ఆ ఖాళీ సర్వర్ ఇక్కడ పనికొస్తుంది. డేటా సెంటర్‌లోని మెయిల్‌ను ప్రతి రాత్రీ రెస్టిక్, బోర్గ్ లాంటి బ్యాకప్ టూల్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి ఆఫీసులోని ఆ మెషీన్‌కు తెచ్చుకోండి. ఇంకో కాపీ వేరే ప్రొవైడర్ దగ్గర స్టోరేజ్‌లో ఉండాలి. మెయిల్ సర్వర్‌లోకి దూరినవాడు బ్యాకప్‌లను కూడా చెరిపేయకుండా, ఆఫీసు మెషీనే వెళ్లి లాక్కునేలా పెట్టండి, మెయిల్ సర్వర్‌కు దాని పాస్‌వర్డ్ తెలియకూడదు. ఎన్‌క్రిప్షన్ కీ ఒక కాపీ కాగితం మీద ఎండీ గారి బీరువాలో ఉండాలి. మూడు నెలలకోసారి ఒక ఖాళీ సర్వర్ మీద మొత్తం రీస్టోర్ చేసి, ఒకరి పాత మెయిల్ తెరిచి చూడండి. అలా చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. మీకు ఇంకో కారణం కూడా ఉంది. కస్టమ్స్ బ్రోకర్లు తమ రికార్డులను కనీసం అయిదేళ్లు భద్రపరచాలని 2018 లైసెన్సింగ్ నిబంధనలు చెబుతున్నాయి. క్లయింటు ఇచ్చిన సూచనలు, డిక్లరేషన్లు మెయిల్లోనే ఉండే రోజులివి. మానేసిన ఉద్యోగి మెయిల్‌బాక్స్‌ను అకౌంటుతోపాటు డిలీట్ చేయకండి, లాగిన్ ఆపేసి డబ్బాను ఆర్కైవ్‌లో ఉంచండి.

చట్టం వైపు మరొకటి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్ ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు కూడా సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు దాచాలి, హ్యాకింగ్ లాంటిది జరిగిందని తెలిసిన 6 గంటల్లో వాళ్లకు తెలియజేయాలి. మెయిల్‌కౌలో లాగ్‌లు డిఫాల్ట్‌గా అన్నాళ్లు ఉండవు, వేరే చోట దాచే ఏర్పాటు చేసుకోండి.

ఇక డబ్బు. సర్వర్ అద్దె, స్టోరేజ్, రిలే అన్నీ కలిపినా ఇప్పుడు నలభై మందికి కడుతున్న చందా కంటే బాగా తక్కువే అవుతుంది. అసలు ఖర్చు మనిషి. వారానికి కొన్ని గంటలు ఎవరో ఒకరు లాగ్‌లు, క్యూ, డిస్కు, డీమార్క్ రిపోర్టులు చూడాలి. భద్రతా అప్‌డేట్ వచ్చిన రోజే పెట్టాలి, పండగైనా సరే. ఆ మనిషికి తోడు రెండోవాడు కూడా ఉండాలి, మొదటివాడి పెళ్లికి అతనే సెలవు పెట్టుకోవాలి కదా. మీ దగ్గర అలాంటి ఇద్దరు లేకపోతే, బయట నెలవారీ ఒప్పందం మీద చూసేవాళ్లు దొరక్కపోతే, సొంత సర్వర్ వద్దు. అప్పుడు డొమైన్ మీ పేరున పెట్టుకుని, ఐమ్యాప్ పూర్తిగా ఇచ్చే తక్కువ రేటు సర్వీసు ఏదైనా తీసుకోండి. జోహో మెయిల్ కూడా చూడొచ్చు. బ్యాకప్ మాత్రం ఐమ్యాప్ ద్వారా ఆ ఖాళీ సర్వర్‌లోకి రోజూ తెచ్చుకోండి. అదే మంచి నిర్ణయం అయ్యే ఆఫీసులు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. అలా చెప్పి నేను కొన్నిచోట్ల పని వదులుకున్నాను కూడా.

ఇద్దరు ఉన్నారనుకుంటే, రెన్యూవల్ తేదీని చూసి కంగారు పడి ఒకేసారి దూకకండి. ఇంకో చిన్న డొమైన్ కొని, దాని మీద మెయిల్‌కౌ పెట్టి, మీరూ ఇంకో నలుగురూ నెల రోజులు వాడండి. అందులో కనీసం ఒకరు కంప్యూటర్ అంటే చిరాకు పడే సీనియర్ ఉండాలి, ఆయనకు కుదిరితే అందరికీ కుదురుతుంది. ఈలోగా రెన్యూవల్ వచ్చేస్తే ఏడాదికి కాకుండా నెలవారీగా కట్టడానికి వీలుంటుందేమో అడగండి.

మూడు సంగతులు చూసి చెప్పండి: డొమైన్ ఎవరి అకౌంట్‌లో ఉంది, మెయిల్‌బాక్సులన్నీ కలిపి ఎన్ని జీబీలు, ఆ ఖాళీ సర్వర్‌లో ఎన్ని డిస్కులు, ఎంత పాతవి. వాటిని బట్టి డీఎన్ఎస్ రికార్డులు ఏ వరసలో రాయాలో, బ్యాకప్ ఎలా అమర్చాలో ఇక్కడే వివరంగా రాస్తాను.